భాగం 7: కార్తేజ్ బిషప్పు సిప్రియన్ – హింసాకాండ, క్షమాపణ, హతసాక్ష్యం

విషయక్రమం

7.0 లక్ష్యాలు
7.1 పరిచయం
7.2 కార్తేజ్ నగరం, సిప్రియన్ తొలి జీవితం
7.3 డెసియస్ శాసనం, బలి ధ్రువపత్రాలు
7.4 అజ్ఞాతవాసం, విమర్శలు
7.5 జారిపడినవారి సమస్య
7.6 మహమ్మారి, బందీలు, రోమ్‌తో వివాదం
7.7 వలేరియన్ శాసనాలు, విచారణ, మరణం
7.8 ఆధారాల పరిశీలన
7.9 సారాంశం
7.10 ముఖ్య పదాలు
7.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు
7.12 'మీ ప్రగతిని సమీక్షించుకోండి' సమాధానాలు

7.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
- క్రీ.శ. 250 నాటి డెసియస్ శాసనం స్వరూపాన్ని, దాని ప్రభావాన్ని వివరించగలుగుతారు.
- హింసాకాండ తరువాత క్రైస్తవ సంఘంలో క్షమాపణ విషయమై తలెత్తిన వివాదాన్ని విశ్లేషించగలుగుతారు.
- సిప్రియన్ నాయకత్వాన్ని, ఆయన మరణానికి దారితీసిన పరిస్థితులను అంచనా వేయగలుగుతారు.
- ఈ చరిత్రకు ఉన్న ఆధారాల బలాన్ని, పరిమితులను గుర్తించగలుగుతారు.

7.1 పరిచయం

క్రీ.శ. 258 సెప్టెంబరు 14న ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ నగరం వెలుపల, ప్రజలందరూ చూస్తుండగా, ఆ నగర క్రైస్తవ బిషప్పుకు శిరచ్ఛేదం జరిగింది. ఆయన పేరు సిప్రియన్. రోమన్ ఆఫ్రికాలో హతసాక్షి అయిన తొలి బిషప్పుగా ఆయనను చెప్పుకొంటారు.

'హతసాక్షి' అనే మాటను ఒకసారి గమనించండి. దీనికి మూలమైన గ్రీకు పదానికి మొదట 'సాక్షి' అనే అర్థమే ఉండేది. న్యాయస్థానంలో నిలబడి తాను ఎరిగినది చెప్పేవాడే సాక్షి. ఆ సాక్ష్యం కారణంగా ప్రాణాలు కోల్పోయినవారికి ఆ పదం క్రమంగా స్థిరపడింది. తెలుగు క్రైస్తవులు వాడే మాటలో ఈ రెండు అర్థాలూ కలిసే ఉన్నాయి.

అయితే సిప్రియన్ జీవితాన్ని ఆయన మరణదినం నుంచి మాత్రమే చూస్తే చరిత్ర సగమే అర్థమవుతుంది. ఆ రోజుకు 8 సంవత్సరాల ముందు, మొదటి హింసాకాండ వచ్చినప్పుడు, ఇదే సిప్రియన్ నగరం విడిచి అజ్ఞాతంలోకి వెళ్ళాడు. ఆ సమయంలో వేలాది విశ్వాసులు భయపడి ప్రభుత్వానికి లొంగిపోయారు. కొందరు లొంగక చెరసాల పాలయ్యారు. ప్రమాదం తొలగిన తరువాత ఈ మూడు వర్గాలవారూ ఒకే సంఘంలో మళ్ళీ ఎదురెదురు పడ్డారు. లొంగిపోయినవారిని చేర్చుకోవాలా? చేర్చుకొంటే ఏ షరతుల మీద? ఆ తీర్పు చెప్పే అధికారం చెరసాలలో బాధలు పడినవారిదా, దూరంగా ఉన్న బిషప్పుదా? సిప్రియన్ జీవితంలో ప్రధానమైన చారిత్రక సమస్య ఇదే. ఈ భాగంలో మనం దీనినే ముఖ్యంగా పరిశీలిస్తాం.

7.2 కార్తేజ్ నగరం, సిప్రియన్ తొలి జీవితం

కార్తేజ్ నేటి ట్యునీషియా రాజధాని ట్యూనిస్ సమీపంలో ఉంది. క్రీ.పూ. 146లో రోమన్లు ధ్వంసం చేసిన ఈ నగరం తరువాత రోమన్ నగరంగానే పునర్నిర్మితమై, ఆఫ్రికా రాష్ట్రానికి రాజధాని అయింది. రోమ్ నగరానికి కావలసిన ధాన్యంలో పెద్ద భాగం ఈ ప్రాంతం నుంచే ఓడల మీద వెళ్ళేది. లాటిన్ విద్యకు, వక్తృత్వానికి కార్తేజ్ పేరుపొందింది.

ఇక్కడి క్రైస్తవులకు హతసాక్షుల సంప్రదాయం కొత్త కాదు. 180లో స్కిల్లియం అనే ఊరికి చెందిన 12 మందికి కార్తేజ్‌లోనే మరణశిక్ష పడింది. 203లో పెర్పెతువా అనే యువతి, ఫెలిసిటాస్ అనే బానిస స్త్రీ తమ సహచరులతో పాటు ఇదే నగరంలో ప్రాణాలు కోల్పోయారు. హింసాకాండ సమయంలో పారిపోవడం తగదని వాదించిన రచయిత టెర్టూలియన్ కూడా ఈ నగరంవాడే. ఇటువంటి ఊరిలో తప్పించుకొని వెళ్ళిన బిషప్పును జనం ఏ దృష్టితో చూసి ఉంటారో మీరు ఊహించవచ్చు.

సిప్రియన్ సుమారు 200-210 మధ్య సంపన్న కుటుంబంలో జన్మించాడు. వక్తృత్వశాస్త్ర బోధకుడిగా పేరు తెచ్చుకొన్నాడు. దాదాపు 246లో, నడివయస్సులో, సెసిలియన్ అనే సంఘపెద్ద ప్రభావంతో క్రైస్తవం స్వీకరించాడు. తన ఆస్తిలో చాలా భాగాన్ని పేదల కోసం ఇచ్చివేశాడు. బాప్తిస్మం పొంది రెండు మూడేళ్ళు గడవకముందే, 248-249 ప్రాంతంలో, సామాన్య విశ్వాసుల ఒత్తిడి మీద బిషప్పుగా ఎన్నికయ్యాడు. కొత్తగా చేరినవాడు తమను దాటి పైకి రావడం ఐదుగురు సంఘపెద్దలకు నచ్చలేదు. ఈ అసమ్మతి తరువాతి వివాదాల్లో మళ్ళీ పైకి వస్తుంది.

7.3 డెసియస్ శాసనం, బలి ధ్రువపత్రాలు

249లో డెసియస్ చక్రవర్తి అయ్యాడు. అప్పటికి సామ్రాజ్యం సరిహద్దు యుద్ధాలతో, వెంటవెంటనే మారుతున్న చక్రవర్తులతో సతమతమవుతున్నది. దేవతల అనుగ్రహం తిరిగి పొందితేనే రాజ్యం నిలుస్తుందని ఆయన భావించాడు. సామ్రాజ్యవాసులందరూ దేవతలకు బలి అర్పించాలని ఆజ్ఞ జారీచేశాడు. 212లో కారకల్లా చక్రవర్తి స్వతంత్రులైన నివాసులలో దాదాపు అందరికీ రోమన్ పౌరసత్వం ఇచ్చి ఉండడం వల్ల, ఇటువంటి ఆజ్ఞ ఊరూరికీ, ఇంటింటికీ చేరడం సులభమైంది.

ఈ శాసనం అమలైన తీరు గమనించదగినది. ప్రతి వ్యక్తీ స్థానిక అధికారుల సంఘం ముందు హాజరై, ద్రాక్షారసం ధారపోసి, బలి అర్పించి, బలిమాంసం రుచి చూడాలి. అలా చేసినట్లు ఒక ధ్రువపత్రం తీసుకోవాలి. లాటిన్‌లో దీనిని లిబెల్లస్ అంటారు. ఈజిప్టులోని పొడినేల పుణ్యమా అని ఇటువంటి పపైరస్ పత్రాలు 40కి పైగా నేటికీ మిగిలాయి. వాటిలో ఒకటి 250 జూన్ 26 నాటిది. అది 72 ఏళ్ళ డయోజినిస్ అనే గ్రామస్థుడిది. అతని తండ్రి పేరు, ఊరి పేరు, వయస్సుతో పాటు కుడి కనుబొమ్మ మీద మచ్చ ఉన్నట్లు కూడా అందులో రాశారు. మీ పదో తరగతి ధ్రువపత్రంలో పుట్టుమచ్చలు రాసినట్లే అప్పటి గుమాస్తా కూడా గుర్తింపు కోసం ఈ వివరం నమోదు చేశాడు.

మొసలి రూపంలో కొలిచే ఒక దేవుని పూజారిణికి చెందిన పత్రం కూడా దొరికింది. ఆమె క్రైస్తవురాలు కాదన్నది స్పష్టమే. కాబట్టి ఈ ఆజ్ఞ క్రైస్తవులకు మాత్రమే కాక అందరికీ వర్తించిందని చరిత్రకారులు నిర్ధారించారు. అయితే అన్ని దేవతలనూ కొలిచేవారికి ఇది ఒక పూట పని. ఒక్క దేవుని తప్ప వేరొకరిని పూజించరాదని నమ్మినవారికి ఇది జీవన్మరణ సమస్య.

కార్తేజ్‌లో చాలామంది క్రైస్తవులు లొంగిపోయారు. ఎవరూ పిలవకముందే కొందరు నగర కూడలికి పరుగెత్తారని సిప్రియన్ బాధతో రాశాడు. లొంగినవారిలో మూడు రకాలవారు ఉన్నారు. బలి అర్పించినవారు మొదటి రకం. ధూపం మాత్రం వేసినవారు రెండో రకం. బలి అర్పించకుండానే అధికారులకు లంచం ఇచ్చి ధ్రువపత్రం సంపాదించినవారు మూడో రకం. వీరందరినీ కలిపి లాప్సీ, అంటే జారిపడినవారు, అన్నారు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
గమనిక: మీ సమాధానాన్ని భాగం చివర ఇచ్చిన సమాధానంతో సరిచూసుకోండి.
డెసియస్ శాసనం క్రైస్తవులకు మాత్రమే వర్తించలేదని చెప్పడానికి ఆధారం ఏమిటి?

7.4 అజ్ఞాతవాసం, విమర్శలు

250 ప్రారంభంలోనే రోమ్ బిషప్పు ఫాబియన్ ప్రాణాలు కోల్పోయాడు. కార్తేజ్‌లో జనసమూహం సిప్రియన్‌ను సింహానికి వేయాలని కేకలు వేసింది. ఆయన నగరం విడిచి రహస్యస్థలానికి వెళ్ళాడు. ప్రభుత్వం ఆయన ఆస్తిని జప్తు చేసింది.

తాను నగరంలో ఉంటే జనం మరింత రెచ్చిపోయి, ఆ ఆగ్రహం సంఘమంతటి మీదా పడుతుందని ఆయన సమర్థించుకొన్నాడు. విమర్శకులు ఈ సమాధానంతో తృప్తిపడలేదు. ఫాబియన్ మరణంతో బిషప్పు లేకుండా ఉన్న రోమ్ సంఘం నుంచి కార్తేజ్‌కు ఒక ఉత్తరం వచ్చింది. మంద కాయవలసిన కాపరి వదిలి వెళ్ళాడన్న ధ్వని అందులో ఉంది. ఉత్తరంలో రాసినవారి పేరు గాని, ఎవరికి రాశారో గాని స్పష్టంగా లేదు. సిప్రియన్ దీనికి చేసిన పని ఆయన స్వభావాన్ని చూపుతుంది. చేతిరాత, భావం, చివరకు కాగితం కూడా అనుమానం కలిగిస్తున్నాయని, ఇది నిజంగా మీరు పంపినదేనా చూసుకోండని ఆ ఉత్తరాన్నే రోమ్‌కు తిప్పి పంపాడు. తరువాత, తాను దూరంగా ఉన్నా బాధ్యత విడువలేదని చూపడానికి అప్పటివరకు తన సంఘానికి రాసిన 13 ఉత్తరాల నకళ్ళను కూడా వారికి పంపాడు.

ఆ ఉత్తరాలలో ఖైదీలకు భోజనం అందించాలని, పేదలను ఆదుకోవాలని, చెరసాల దగ్గర గుంపులుగా చేరి అధికారుల దృష్టిలో పడవద్దని సూచనలు ఉన్నాయి. ఆయన దూరం నుంచే సంఘాన్ని నడిపించాడన్నది నిజం. ఆయన దూరంగా ఉన్నాడన్నదీ అంతే నిజం. ఈ రెండింటినీ మీరు కలిపి గుర్తుంచుకోవాలి.

7.5 జారిపడినవారి సమస్య

లొంగక చెరసాల పాలైనవారిని, హింసలు భరించి బతికినవారిని విశ్వాసనిరూపకులు అని పిలిచేవారు. వారిపట్ల సంఘంలో అపారమైన గౌరవం ఉండేది. జారిపడినవారు చెరసాల గుమ్మాల దగ్గరకు వెళ్ళి తమకోసం సిఫారసు చేయమని వారిని వేడుకొన్నారు. విశ్వాసనిరూపకులు 'సమాధాన పత్రాలు' ఇవ్వసాగారు. ఈ పత్రం చూపిస్తే తమను వెంటనే ప్రభుభోజనంలో చేర్చుకోవాలని జారిపడినవారు పట్టుబట్టారు. కొందరు సంఘపెద్దలు అలా చేర్చుకొన్నారు కూడా. వీరిలో సిప్రియన్ ఎన్నికను వ్యతిరేకించినవారు ఉన్నారు.

కొన్ని పత్రాలలో ఫలానా వ్యక్తిని అతనివారితో సహా చేర్చుకోవాలని మాత్రమే ఉండేది. 'అతనివారు' అన్న మాట చాటున 20 మంది, 30 మంది, ఇంకా ఎక్కువ మంది రావచ్చని సిప్రియన్ ఆక్షేపించాడు. లూసియన్ అనే విశ్వాసనిరూపకుడు మరణించిన తన సహచరుడి పేరు మీద కూడా పత్రాలు ఇచ్చాడు. చివరకు విశ్వాసనిరూపకులందరి పేరిట జారిపడినవారందరికీ సమాధానం ఇచ్చినట్లు బిషప్పుకు ఉత్తరం వచ్చింది.

ఇందులోని విచిత్రాన్ని మీరు గమనించే ఉంటారు. ఒక పత్రం కొని విశ్వాసం కోల్పోయినవారు మరొక పత్రం చూపి తిరిగి రావాలనుకొన్నారు. సిప్రియన్ ఈ పత్రాలను పూర్తిగా తోసిపుచ్చలేదు. విశ్వాసనిరూపకుల సిఫారసును గౌరవించాలి గాని, తీర్పు మాత్రం హింసాకాండ ముగిశాక బిషప్పులు, సంఘపెద్దలు, ప్రజలు కలిసి విచారించి చెప్పాలన్నది ఆయన వాదం. మరణశయ్య మీద ఉండి అటువంటి పత్రం కలిగినవారికి మాత్రం వెంటనే సమాధానం ఇవ్వడానికి అంగీకరించాడు.

ఈ వాదం ఆయన అధికారాన్ని కూడా కాపాడిందన్న మాట నిజమే. అజ్ఞాతంలో ఉన్న బిషప్పు కంటే సంకెళ్ళలో ఉన్న సామాన్యుడి మాటకే ఎక్కువ విలువ ఉన్న సమయం అది. అయితే ఇందులో మరో అంశమూ ఉంది. ధైర్యం చూపినంత మాత్రాన ఇతరుల తప్పులను తూచే అధికారం వస్తుందా అన్నది ఆనాడు కార్తేజ్ ముందున్న ప్రశ్న.

251లో ఈస్టరు తరువాత సిప్రియన్ నగరానికి తిరిగి వచ్చాడు. డెసియస్ ఆ ఏడాదే గోతులతో యుద్ధంలో మరణించాడు. కార్తేజ్‌లో బిషప్పుల సమావేశం జరిగింది. ధ్రువపత్రం మాత్రమే కొన్నవారిని ఒక్కొక్కరినీ విచారించి చేర్చుకోవాలని, బలి అర్పించినవారు పశ్చాత్తాపంతో జీవించాలని, వారికి మరణసమయంలో సమాధానం ఇవ్వాలని నిర్ణయించారు.

తరువాత రాసిన ఒక దీర్ఘలేఖలో సిప్రియన్ ఈ విచారణ పద్ధతిని వివరించాడు. పిలవగానే పరుగెత్తి బలి అర్పించినవాడినీ, చాలాకాలం పెనుగులాడి చివరకు లొంగినవాడినీ ఒకే గాట కట్టరాదన్నాడు. భార్యాబిడ్డలను, కౌలుదార్లను కూడా బలిపీఠం దగ్గరకు లాక్కువెళ్ళినవాడు వేరు. ఇంటిల్లిపాదినీ కాపాడడానికి తానొక్కడే వెళ్ళి ఆ దోషం నెత్తిన వేసుకొన్నవాడు వేరు. చరిత్ర విద్యార్థులకు ఈ లేఖ చాలా విలువైనది. 'జారిపడినవారు' అన్న ఒక్క మాట వెనుక ఎన్ని రకాల మనుషులు, ఎన్ని రకాల భయాలు ఉన్నాయో ఇందులో కనిపిస్తుంది.

ఈ మధ్యేమార్గం రెండు వైపులా విరోధులను తెచ్చింది. వెంటనే చేర్చుకోవాలన్నవారు కార్తేజ్‌లో ఫెలిసిస్సిమస్ అనే పరిచారకుని చుట్టూ చేరి చీలిపోయారు. ఎన్నటికీ చేర్చుకోరాదన్నవారు రోమ్‌లో నొవేషియన్ నాయకత్వంలో కొత్త బిషప్పు కొర్నేలియస్‌ను ఎదిరించారు. సిప్రియన్ కొర్నేలియస్ పక్షం వహించాడు. సంఘ ఐక్యత గురించి ఆయన ప్రసిద్ధ గ్రంథం ఈ నేపథ్యంలోనే వెలువడింది. మరో హింసాకాండ రానున్నదన్న భయం కలిగినప్పుడు, పశ్చాత్తాపంతో వేచి ఉన్న వారందరినీ చేర్చుకోవాలని 42 మంది బిషప్పులు నిర్ణయించారు. పోరాటానికి పంపవలసిన వారిని ఆయుధాలు లేకుండా పంపరాదన్నది వారి తర్కం.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
సమాధాన పత్రాల విషయంలో సిప్రియన్ వైఖరి ఏమిటి?

7.6 మహమ్మారి, బందీలు, రోమ్‌తో వివాదం

ఈ కాలంలోనే సామ్రాజ్యంలో ఘోరమైన అంటువ్యాధి వ్యాపించింది. విరేచనాలు, జ్వరం, వాంతులు, ఎర్రబడిన కళ్ళు, చూపు లేదా వినికిడి పోవడం వంటి లక్షణాలను సిప్రియన్ నమోదు చేశాడు. అందువల్ల చరిత్రకారులు దీనిని 'సిప్రియన్ మహమ్మారి' అంటారు. జనం రోగులను వదిలి పారిపోతుండగా, తమవారికే కాక అన్యమతస్థులకు కూడా సేవ చేయాలని ఆయన సంఘాన్ని పురికొల్పాడని ఆయన జీవితచరిత్ర రాసిన పోంటియస్ చెబుతాడు. నుమిడియాలో దోపిడీ మూకలు క్రైస్తవులను పట్టుకుపోయినప్పుడు, వారిని విడిపించడానికి కార్తేజ్ సంఘం 1,00,000 సెస్టర్సుల నాణేలు చందాగా పంపింది.

254 తరువాత రోమ్ బిషప్పు స్టీఫెన్‌తో సిప్రియన్‌కు తీవ్ర విభేదం వచ్చింది. చీలిక వర్గాలవారు ఇచ్చిన బాప్తిస్మం చెల్లుతుందని స్టీఫెన్, చెల్లదని సిప్రియన్ వాదించారు. 256 సెప్టెంబరు 1న కార్తేజ్‌లో జరిగిన సమావేశ నివేదికలో 87 మంది బిషప్పుల అభిప్రాయాలు సిప్రియన్‌కు అనుకూలంగా నమోదయ్యాయి. పాశ్చాత్య సంఘం చివరకు స్టీఫెన్ పద్ధతినే అనుసరించింది.

7.7 వలేరియన్ శాసనాలు, విచారణ, మరణం

257లో వలేరియన్ చక్రవర్తి ఈసారి సూటిగా సంఘనాయకుల మీద దృష్టి పెట్టాడు. వారు రోమన్ మతాచారాలను పాటించాలని, క్రైస్తవులు సమావేశాలు జరపరాదని ఆజ్ఞాపించాడు. ఆగస్టు 30న ప్రాంతపాలకుడు పటర్నస్ సిప్రియన్‌ను విచారించాడు. సంఘపెద్దల పేర్లు చెప్పమని అడిగాడు. వేగులవారిని మీ చట్టాలే నిషేధించాయి గదా అని చెప్పి సిప్రియన్ పేర్లు బయటపెట్టలేదు. ఆయనను కురుబిస్ అనే తీరపట్టణానికి ప్రవాసం పంపారు. అక్కడి నుంచే ఆయన గనులలో వెట్టిచాకిరీ చేస్తున్న ఖైదీలకు ఉత్తరాలు, సహాయం పంపాడు.

258 వేసవిలో రెండో ఆజ్ఞ వచ్చింది. బిషప్పులను, సంఘపెద్దలను, పరిచారకులను వెంటనే చంపాలని, ఉన్నతవర్గాల క్రైస్తవుల హోదాను, ఆస్తిని తీసివేయాలని దాని సారాంశం. ఆగస్టు 6న రోమ్ బిషప్పు సిక్‌స్టస్‌ను సమాధుల స్థలంలోనే చంపారు. అప్పటికి సిప్రియన్ కార్తేజ్‌లోని తన తోటకు తిరిగి వచ్చి ఉన్నాడు.

కొత్త పాలకుడు గలేరియస్ మాక్సిమస్ ఆయనను ఉటికా నగరానికి రప్పించాలనుకొన్నాడు. ఈ సంగతి తెలిసి సిప్రియన్ మళ్ళీ కొద్దిరోజులు దాగాడు. అయితే ఈసారి కారణం వేరు. బిషప్పు తాను నడిపించిన సంఘం ఉన్న నగరంలోనే, తన ప్రజల ముందే సాక్ష్యం చెప్పాలని ఆయన చివరి లేఖలో రాశాడు. పాలకుడు కార్తేజ్‌కు రాగానే తోటకు తిరిగి వచ్చి ఎదురుచూశాడు. 250లో ప్రజలకు దూరంగా ఉండవలసి వచ్చిన నాయకుడు 258లో వారి సమక్షాన్ని కోరుకొన్నాడు.

సెప్టెంబరు 13న సైనికాధికారులు వచ్చి ఆయనను తీసుకువెళ్ళారు. పాలకుడికి ఒంట్లో బాగోలేనందున విచారణ మరునాటికి వాయిదా పడింది. ఆ రాత్రి ఆయనను ఒక అధికారి ఇంట్లో ఉంచారు. విశ్వాసులు ఆ వీధిలోనే రాత్రంతా కాచుకొని కూర్చున్నారు. గుంపులో ఉన్న ఆడపిల్లలను జాగ్రత్తగా చూసుకోవాలని ఆయన కబురు చేశాడు.

మరునాటి విచారణ క్లుప్తంగా ముగిసింది. పాలకుడు పేరు అడిగి, ఆచారాలు పాటించమన్నాడు. సిప్రియన్ నిరాకరించాడు. ఆలోచించుకోమంటే, ఇంత స్పష్టమైన విషయంలో ఆలోచించవలసినది లేదని బదులిచ్చాడు. కత్తితో వధించాలన్న తీర్పు చదివినప్పుడు దేవునికి కృతజ్ఞతలు చెప్పాడు. వధ్యస్థలంలో తన పైవస్త్రాలు తీసి పరిచారకులకు ఇచ్చాడు. తలారికి 25 బంగారు నాణేలు ఇవ్వమని తనవారితో చెప్పాడు. తన కళ్ళకు తానే గంత కట్టుకొన్నాడు. విశ్వాసులు ఆయన ముందు గుడ్డలు, చేతిరుమాళ్ళు పరిచారు. ఆ రాత్రి కొవ్వొత్తులు, దివిటీల వెలుగులో, ప్రార్థనలతో, ఊరేగింపుగా తీసుకువెళ్ళి సమాధి చేశారు.

260లో వలేరియన్ పర్షియా రాజు షాపూర్‌కు బందీగా చిక్కాడు. ఆయన కుమారుడు గలియేనస్ హింసాకాండను ఆపి, సంఘాల ఆస్తులను తిరిగి ఇప్పించాడు.

7.8 ఆధారాల పరిశీలన

సిప్రియన్ గురించి మనకున్న ఆధారాలు నాలుగు విధాలు. మొదటిది ఆయన గ్రంథాలు. రెండోది 81 ఉత్తరాల సంపుటి. వీటిలో ఎక్కువ భాగం ఆయన రాసినవి, మిగిలినవి ఆయనకు వచ్చినవి లేదా సంబంధించినవి. మూడోది విచారణ, మరణ వృత్తాంతాల నమోదు. నాలుగోది పోంటియస్ రాసిన జీవితచరిత్ర. మూడో శతాబ్దపు క్రైస్తవ నాయకులలో ఇంత వివరంగా తెలిసినవారు అరుదు.

అయితే ఒక జాగ్రత్త అవసరం. ఫెలిసిస్సిమస్ వాదనలు, లూసియన్ ఉద్దేశాలు మనకు ఎక్కువగా సిప్రియన్ భద్రపరచిన కాగితాల ద్వారానే తెలుస్తున్నాయి. పోంటియస్ ఆయన అభిమాని. అజ్ఞాతవాసాన్ని సమర్థించడానికి పోంటియస్ ఎంతో శ్రమపడ్డాడు. ఆ శ్రమే విమర్శ ఎంత బలంగా ఉండేదో చెబుతుంది. ఓడిన పక్షం గొంతు ఎక్కడ వినిపిస్తున్నదో వెతకడం చరిత్ర విద్యార్థి పని.

7.9 సారాంశం

డెసియస్ శాసనం కార్తేజ్ సంఘాన్ని లొంగినవారుగా, నిలిచినవారుగా, దూరంగా వెళ్ళినవారుగా విభజించింది. సిప్రియన్ మూడో వర్గానికి చెందినవాడై ఉండి, మొదటి రెండు వర్గాలను మళ్ళీ ఒకచోట చేర్చవలసి వచ్చింది. అందరినీ ఒకేసారి క్షమించడానికీ, ఎవరినీ క్షమించకపోవడానికీ ఒప్పుకోక, ఒక్కొక్కరి విషయం విడిగా విచారించే పద్ధతిని నిలబెట్టాడు. ఆ పద్ధతి బిషప్పుల అధికారాన్ని పెంచింది. పడినవారికి తిరిగి వచ్చే దారినీ మిగిల్చింది. 258 నాటి మరణం ఆయన మీది విమర్శకు తెరదించింది గాని, ఆయన ఎదుర్కొన్న ప్రశ్నను ముగించలేదు. 303-305 నాటి హింసాకాండ తరువాత ఆఫ్రికా సంఘం ఇదే రకమైన వివాదంతో డొనేటిస్టులు, కాథలిక్కులుగా చీలిపోయింది. రెండు పక్షాలూ సిప్రియన్ తమవాడేనని వాదించాయి.

7.10 ముఖ్య పదాలు

హతసాక్షి: విశ్వాసం కోసం ప్రాణాలు కోల్పోయిన వ్యక్తి.
విశ్వాసనిరూపకులు: హింసలకు లొంగక, బతికి బయటపడినవారు.
లాప్సీ: హింసాకాండలో ప్రభుత్వ ఆజ్ఞకు లొంగిన క్రైస్తవులు.
లిబెల్లస్: బలి అర్పించినట్లు అధికారులు ఇచ్చిన ధ్రువపత్రం.
సమాధాన పత్రం: జారిపడినవారిని చేర్చుకోవాలని విశ్వాసనిరూపకులు ఇచ్చిన సిఫారసు.

7.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. జారిపడినవారి సమస్యను, దాని పరిష్కారానికి సిప్రియన్ చేసిన కృషిని వివరించండి.
2. 250, 258 సంవత్సరాలలో సిప్రియన్ ప్రవర్తనను పోల్చి, మీ అభిప్రాయాన్ని కారణాలతో రాయండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. డెసియస్ శాసనానికి, వలేరియన్ శాసనాలకు గల తేడాలు
2. సిప్రియన్ చరిత్రకు గల ఆధారాలు, వాటి పరిమితులు

7.12 'మీ ప్రగతిని సమీక్షించుకోండి' సమాధానాలు

1. ఈజిప్టులో దొరికిన ధ్రువపత్రాలలో క్రైస్తవేతర దేవాలయ పూజారిణికి చెందినది కూడా ఉండడం ఇందుకు ఆధారం.
2. విశ్వాసనిరూపకుల సిఫారసును గౌరవించాలి. కాని చేర్చుకొనే నిర్ణయం ఒక్కొక్కరి విషయం విచారించిన తరువాత బిషప్పులు, సంఘం కలిసి తీసుకోవాలి. మరణశయ్య మీద ఉన్నవారికి మాత్రం వెంటనే సమాధానం ఇవ్వవచ్చు.